తూర్పు దారి

మా అన్న యావో తన నీడను కూడా నమ్మడు. అన్న అంటే తోడబుట్టినవాడు కాదు. ఒకే చెరకు తోటలో, ఒకే కొరడా కింద బానిసలుగా పెరిగాం. మొదటిసారి పారిపోయి దొరికినప్పుడు తెల్లదొర అతని మడమ నరం కోయించాడు. ఆ కుంటికాలితోనే మళ్ళీ పారిపోయి, అడవిలో ఒక ఊరు కట్టాడు. ఏడుస్తూ వచ్చిన ఒక కొత్తవాణ్ణి నమ్మినందుకు ఆ ఊరు తగలబడిపోయింది. చిత్తడి నడుమ ఈ రెండో ఊరు కట్టి పన్నెండేళ్ళు. మూడొందలమందిమి బతికి ఉన్నామంటే అతని తుపాకుల వల్ల కాదు, అతని అనుమానం వల్ల.

మా ఊరికి చుట్టూ మోకాలి లోతు నీళ్ళు. వాటి అడుగున గట్టినేల దారి ఒక్కటే, పడమర వైపు. తూర్పున కూడా అలాంటిదే ఇంకోటి ఉన్నట్టు అనిపిస్తుంది. కాస్త దూరం కాలికి గట్టిగానే తగులుతుంది. ఆ తర్వాత అంతా ఊబి.

నా కొడుకు క్వామినాను కావలివాళ్ళు కళ్ళకు గంతలు కట్టి తీసుకొచ్చారు. నేను పారిపోయిన నాటికి వాడికి ఐదేళ్ళు. ఎత్తుకుని పరిగెత్తలేక వదిలేశాను. ఇప్పుడు మీసాలొచ్చాయి. కనుబొమ్మ మీద, బెల్లపు పాకం పడి కాలిన మచ్చ అలాగే ఉంది.

"నా కొడుకే అన్నా," అన్నాను.

"కాదన్నానా? ముందు ఊరు తగలెట్టినోడు కూడా ఓ తల్లి కొడుకే," అని అన్న వాడి వైపు తిరిగాడు. "ఎన్నాళ్ళు నడిచావురా?"

"నలభై రోజులు మావా."

"ఏం తిన్నావు?"

"పళ్ళు, పచ్చి చేపలు. ఏది దొరికితే అది."

"బాగానే ఒళ్ళు చేశావు," అన్నాడు అన్న. అంతటితో ఊరుకున్నాడు. మా కట్టుబాటు ప్రకారం కొత్తవాడికి రెండేళ్ళు కత్తి ఇవ్వం, దారి చూపించం.

వాడికి చేపల పులుసు, కర్రపెండలం రొట్టె పెట్టాను. మాకు ఉప్పు దొరకదు. తాటిమట్టలు కాల్చి, ఆ బూడిద నీళ్ళు వడగట్టి ఇగరబెట్టి ఉప్పు తీస్తాం. చేదుగా ఉంటుంది. కానీ అడవిలో పదిరోజులు ఉప్పు లేకుండా తిరిగినవాడికి అదే అమృతం. నేను కొత్తగా వచ్చినప్పుడు కుండలో చెయ్యి పెట్టి నాకేశాను, అందరూ నవ్వినా సరే.

క్వామినా ఒక్క గుక్క తాగి మొహం వికారంగా పెట్టాడు. "ఇదేం ఉప్పమ్మా? బూడిద నాకినట్టుంది."

నాకు తెలిసిపోయింది. నిన్న మొన్నటిదాకా వీడు తోటలో ఉప్పుచేప తిన్నాడు.

మూడురోజులు నోరు మూసుకుని వాణ్ణే కనిపెట్టుకుని ఉన్నాను. నాతో కబుర్లు చెబుతూనే తుపాకులు ఎన్నున్నాయో చూసేవాడు. నేను అటు తిరగ్గానే నీళ్ళ గట్టుకు పోయేవాడు. కన్నకొడుకుని దొంగను చూసినట్టు చూస్తున్నానని నా మీద నాకే అసహ్యం వేసింది. వదిలేసి వచ్చినదాన్ని, అనుమానించే హక్కు నాకెక్కడిది? కానీ పక్క గుడిసెలో ఆరుగురు పసిపిల్లలున్నారు. నాలుగోరోజు పొద్దున అన్న దగ్గరికి వెళ్ళి ఉప్పు సంగతి చెప్పేశాను.

అతను చేపల బుట్ట అల్లుతున్నాడు. తలెత్తలేదు. "నాకు మొదటిరోజే తెలుసు. నువ్వు చెప్తావా లేదా అని చూస్తున్నా. ఇంకో రోజు ఆగుంటే నిన్ను కూడా కట్టేసేవాణ్ణి."

"వాణ్ణి చంపేస్తావా?"

"ఎందుకు? వాడితో పనుంది. తూర్పు దారి చూపించు. నేను చూపిస్తే నమ్మడు, అమ్మ చూపిస్తే నమ్ముతాడు."

"సిపాయిలతో వాడూ వస్తాడు కదన్నా."

"రాకపోతే బతుకుతాడు. వాడిష్టం. ఊబి సంగతి మాత్రం నీ నోటి నుంచి రాకూడదు. చెప్పినవాళ్ళకి మన దగ్గర శిక్షేంటో తెలుసుగా అజూబా."

తెలుసు. మెడకి తాడు.

ఆ రోజే వాణ్ణి తీసుకెళ్ళి దారి చూపించాను. నీళ్ళు కదలకుండా ఉన్నాయి. ఎంత తమాయించుకున్నా నా వల్ల కాలేదు. వాడి చెయ్యి పట్టుకుని అన్నాను. "ఇటు నుంచి ఎవరితో వచ్చినా నువ్వు అందరికన్నా వెనక నడువు నాయనా."

వాడు నీళ్ళ వైపు చూశాడు, తర్వాత నా వైపు. "వెనకా?" అన్నాడు.

"బాగా వెనక."

ఇంకేం అడగలేదు. ఆ పూట రెండోసారి అడిగి మరీ బూడిద పులుసు తాగాడు. మర్నాడు లేడు. దొరల సిపాయిల ఎర్రటోపీ, ఇక బానిస కాదనే కాగితం ఇస్తామని ఆశపెట్టి ఉంటారని ఆడవాళ్ళు చెవులు కొరుక్కున్నారు. నా కొడుకు నా మాటను కూడా దొరలకు అమ్ముకుంటాడేమో, పడమటి దారి వెతకమంటాడేమో అని వారంరోజులు నాకు ముద్ద దిగలేదు.

వాడు పోయిన తొమ్మిదోరోజు సిపాయిలు వచ్చారు. ఆడవాళ్ళనీ పిల్లల్నీ ఊరి చివర గుట్ట వెనక దాచారు. తుపాకుల మోత వినపడింది, తర్వాత అరుపులు, తర్వాత ఏమీ లేదు. మధ్యాహ్నానికి అన్న కుంటుకుంటూ వచ్చాడు.

"ఎటు నుంచి వచ్చారు?" అన్నాను.

"తూర్పు నుంచే. అరవైమంది. ఒక్కడూ మిగల్లేదు."

"వెనక ఎవరైనా..."

"వాణ్ణి వెనక ఎవరు నడవనిస్తారమ్మా? వాళ్ళకి మాత్రం నమ్మకమా? మెడకి తాడు కట్టి ముందు నడిపించారు."

ఇది నాకు తట్టనేలేదు. పన్నెండేళ్ళుగా దొర కొరడా చూడకపోయేసరికి దొరల బుద్ధి మరిచిపోయాను.

"ఒకటి అర్థం కాలేదు," అన్నాడు అన్న, నా పక్కన కూలబడుతూ. "వాడి చేతిలో కర్ర ఉంది. పొడిచి చూశాడు. కర్ర దిగిపోయింది, అడుగు తగల్లేదు. నేను పొదలోంచి చూస్తున్నా. అప్పుడు అరిస్తే మన పని అయిపోయేది. అరవలేదు. వెనక్కి తిరిగి నిలబడ్డాడు, ఆఖరివాడు కూడా నీళ్ళలోకి దిగేదాకా. దొర తాడు లాగి తిట్టాడు. అప్పుడు ముందుకి అడుగేశాడు. వాడికి ముందే తెలుసా?"

"తెలుసు. నేనే చెప్పాను. నాకేం శిక్ష వేస్తావో వెయ్యి."

అన్న లేవబోయి, మళ్ళీ కూర్చున్నాడు.

"మూడొందలమందిలో వాణ్ణి అనుమానించనివాడు ఒక్కడూ లేడు, కన్నతల్లివి నువ్వు కూడా," అన్నాడు. "నీకు ఇంకేం శిక్ష వెయ్యను?"