తోడు లేని బేరిచెట్టు

శిశిరము తుదకు వచ్చియు మంచుతెరలు కొండకొమ్ముల నింకను వీడకుండ నంటిపెట్టుకొనియున్న యొక ప్రాతఃకాలమున తొలియెండ పొడ సోకిన పెరటియందు ఆకొక్కటియైన లేని కొమ్మలనిండ వెన్నముద్దలవంటి పూగుత్తులు దాల్చిన యొక బేరిచెట్టు క్షీరసాగరఫేనము గడ్డకట్టి నిలిచినట్లు ప్రకాశించుచుండెను.

మదనపల్లె కెగువనున్న యాకొండమీద దానిని అంటుగా నాటి తొమ్మిదేండ్లు పెంచిన గృహిణి మంగమాంబ. ఏటేట పూచుటయే గాని పిందె యొక్కటియు నిలువదయ్యెను. "పూచి కాయని చెట్టు పెరటికి చేటు. ఈ శ్రావణమునకు కాయ కనబడదేని గొడ్డలి పెట్టింతును" అని అత్తగారు శాసించియుండెను. పూలవేళ ఆ చెట్టును చూడక దంతధావనమైన చేయని మంగమాంబకు ఆ మాట గుండెలో ముల్లై నాటుకొనెను.

తోటమాలి ముత్యాలప్ప చెట్టును పరీక్షించి "దీనికి తోడు లేదమ్మా. తోడు పెట్టినగాని కాపు రాదు" అని చెప్పిపోయెను. తోడనగా పాలు పేరుటకు వేయు మజ్జిగయే యని యెరిగిన యా యిల్లాలు నాటినుండి దినమున కొక కడవెడు చిక్కని మజ్జిగ చెట్టుమొదట పోయదొడగెను. చీమలు వచ్చెను. పిల్లులు వచ్చెను. పిందె రాలేదు.

కంచె కావల తోడికోడలు తులశమ్మ కాపురముండెను. వేరుపడిననాడు అత్తింటి గంగాళముకై పుట్టిన మాటపట్టింపువలన రెండేండ్లుగా వారికి పలుకులు లేవు. తులశమ్మ పెరటి రెండు బేరిచెట్లును విరగకాయుట చూచిన కొలది తన చెట్టు సారము కంచెక్రిందుగా ఆవలికి జారుచున్నదని మంగమాంబకు శంక బలపడెను. ఒకనాటి మాపు అడుగుజాడ పట్టుటకై కంచెపొడవున పొయ్యిబూడిద చల్లియుంచెను. మరునాటి యుదయమున ఆ బూడిదయందు ఆడుదాని యడుగులును రెండవ వ్రేలిచెంత మెట్టెల ముద్రయు స్పష్టముగా కానవచ్చెను.

తలయెత్తి చూడగా నడికొమ్మకు ఎఱ్ఱదారముతో నొక మట్టిముంత వ్రేలాడుచుండెను. మంగమాంబ దాని నూడదీసి నేలకు కొట్టబోయెను.

"పగులగొట్టకు మక్కా!" అని కంచెమీదుగా తులశమ్మ కేక వినవచ్చెను.

"ఓహో, దొంగ తానే పలికినది! ప్రయోగము చేయుటకు నా చెట్టే దొరకెనా?"

"ముంతలో చూడుము. మా చెట్టు పూలకొమ్మలు గాక మరేమున్నవి? వేరుచెట్టు పుప్పొడి పడినగాని బేరిపూవు కాయ కట్టదు. మా చెట్లు పెరటి ఆవలి కొసనున్నవి, ఈ మంచులో తేనెటీగ లక్కడినుండి యింతదూరము రావు గనుక ఇచ్చటి ఈగలకైన పుప్పొడి యందునట్లు కొమ్మలనే తెచ్చితిని. ముత్యాలప్ప చెప్పిన తోడు ఇదియే. నీవు చెట్టుకు మజ్జిగ తోడుపెట్టితివని విని మూడుదినములు నవ్వితిని."

"నవ్విన దానవు అడిగి చేయరాదా?"

"నే నిచ్చిన పసుపుకుంకుమలే ముట్టవైతివి. కొమ్మ లిచ్చిన పుచ్చుకొందువా?"

మంగమాంబ ముంతలోని నీటిని వాసన చూచెను. కొమ్మలను త్రిప్పి త్రిప్పి చూచెను. "కాయ కాచినప్పుడు నమ్మెదను" అని యెఱ్ఱదారము త్రెంచివైచి తన కొంగుచివర చింపిన పేలికతో ముంతను తిరిగి కట్టెను. పూలు రాలువరకు బూడిద చల్లుట మాత్రము మానలేదు.

శ్రావణమున గొడ్డలివానిని వెంటబెట్టుకొని వచ్చిన అత్తగారు వంగిన కొమ్మలను చూచి యొక కాయ కోసి కొరుకబోయి "నోట పండ్లు లేనిదానికి పనికిరాదు" అని గొడ్డలివానిని పంపివైచెను.

ఆ సాయంకాలము మంగమాంబ యొక చేత తొలిపండ్లును మరియొక చేత ఖాళీ గిన్నెయు పట్టుకొని కంచెచెంత నిలిచెను.

"తులశీ, కొంచెము తోడు పెట్టుదువా?"

"పాలకా యక్కా, చెట్టుకా?"

మంగమాంబ నవ్వాపుకొనలేకపోయెను. గిన్నె చేతులు మారుటకు తొలగించిన ముండ్లకంపను మరల పెట్టువారు లేరైరి. మరుసటి శిశిరమున తేనెటీగలును ఆ దారినే వచ్చెను.