నవ్వు కోసం ఆగిన మరిది

మా మరిది ఒకప్పుడు పేరు మోసిన హాస్యగాడు. స్టేజీ ఎక్కితే జనం పొట్టలు పట్టుకునేవారు. అందులోనూ ఆ ‘కుంటి పెళ్ళాం’ వేషానికి ఈలలే ఈలలు. నడుం వంకర తిప్పి, కాలు ఈడుస్తూ నడిచేవాడు. ఎవరి నడకనుకున్నారు? సొంత పెళ్ళానిదే. మా తోడికోడలికి చిన్నప్పుడు జ్వరమొచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది.

కొన్నేళ్ళుగా అతన్ని పిలిచే నాథుడు లేడు. మొన్న ఒక హాలు మేనేజరు, “ఒకసారి చేసి చూపించండి, జనం నవ్వితే ప్రతి శనివారం మీదే” అన్నాడట. ఇంక చూడాలి హడావిడి! జుట్టుకి రంగు, చొక్కాకి ఇస్త్రీ.

“ఆ వేషం మాత్రం వద్దయ్యా, రోజులు మారాయి” అన్నాను.

“నీకేం తెలుసు వదినా, జనం దానికే పడి చస్తారు” అన్నాడు. పెళ్ళాం వైపు తిరిగి, “నువ్వూ రావాలి, ముందు వరసలో కూర్చోవాలి” అన్నాడు. ఆ తల్లి అతని చొక్కా మడతపెడుతూనే ఉంది.

అతనిదో పద్ధతి. జోకు వేసి ఆగుతాడు. ఆగగానే జనం మీద లైట్లు వెయ్యాలి. పక్కవాళ్ళ నవ్వు చూస్తే మనకీ నవ్వొస్తుందని అతని నమ్మకం. హాల్లో లైట్లు వేసే అమ్మాయికి గట్టిగా చెప్పాడు: “వాళ్ళు నవ్వి ఊరుకున్నాకే ఆర్పు. అంతదాకా చెయ్యి కదపకు.”

తెర లేచింది. కాలు ఈడ్చాడు, నాలుక వేళ్ళాడేశాడు. “మా ఆవిణ్ణి మంచినీళ్ళడిగితే, తెచ్చేసరికి నా జుట్టు నెరిసిపోయింది!” అని ఆగాడు.

లైట్లు వెలిగాయి. ఒక్క పన్ను కనబడితే ఒట్టు! ఒకావిడ పిల్లాడి మొహం తన ఒళ్ళోకి తిప్పుకుంది. ఒకాయన కంపు తగిలినట్టు ముక్కు చిట్లించాడు. మా మరిదికి నవ్వు వినబడందే తర్వాతి మాట నోట్లోంచి రాదు. కాలు వంకరగా పెట్టుకుని, పళ్ళికిలిస్తూ అలాగే నిలబడ్డాడు. లైట్లమ్మాయి చెప్పినట్టే ఆర్పలేదు.

నా పక్కన మా తోడికోడలు లేచింది. ఆ వెలుగులో, హాలు మధ్యన, ఎడమకాలు ఈడ్చుకుంటూ తలుపు వైపు నడిచింది. ఆ నడక ఎక్కడ నుంచి ఎత్తుకొచ్చాడో అప్పుడు అర్థమైంది అందరికీ. అప్పుడైనా నోరు మూసుకోవచ్చు కదా?

“అదిగో, అసలు సరుకు! చూడండి, చూడండి!” అని వేలు చూపించాడు.

“ఛీ! దిగవయ్యా కిందికి!” అని ఎవరో అరిచారు. మేనేజరు తెర వేయించేశాడు. శనివారాల మాట అక్కడితో సరి.

నేను పరుగున వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకున్నాను. వెనకాలే అతనూ వచ్చాడు, మొహాన రంగు కారిపోతూ. “చూశావా వదినా? ఇది లేవకపోయుంటే నవ్వేవాళ్ళే!”

“నాతో మాట్లాడకు. నిన్ను చూస్తేనే రోతగా ఉంది” అన్నాను.

మా తోడికోడలు అతని వైపు చూడనైనా లేదు. “అక్కా, ఇంటి తాళంచెవి నా దగ్గరే ఉంది, అతనికివ్వను. ఇవాళ మీ ఇంట్లో పడుకుంటాను” అంది.