అందరికీ ఐదు, ఆమెకు రెండున్నర

అక్క దగ్గర్నుంచి ఫోన్ వచ్చేసరికి చిట్టి ఆఫీసులో మధ్యాహ్నపు కునుకుతో కుస్తీ పడుతోంది.

"బుజ్జిగాడు లేవట్లేదే. పొద్దున జలుబు మందు పోశా, అప్పట్నుంచి ఒకటే నిద్ర. ఎత్తుకుంటే మెడ వాల్చేస్తున్నాడు."

"ఎంత పోశావక్కా?"

"నీ పేజీలో ఎంతుంటే అంతే. ఐదు ఎమ్మెల్."

"ఐదేంటి? ఏడాదిన్నర పిల్లాడికి రెండున్నర కదా!"

"ఇదిగో, ఫోన్లో చూస్తూనే చెప్తున్నా. రెండేళ్ల లోపు పిల్లలకి, ఐదు. నాకు చదవడం రాదనుకున్నావా?"

పిల్లల డాక్టరమ్మ క్లినిక్‌కి వెబ్‌సైటు కట్టింది చిట్టే. ఏ వయసుకి ఏ మందు ఎంత పోయాలో చెప్పే పట్టిక ఉన్న పేజీ కూడా ఆమె చేతి పనే. గబగబా తెరిచి చూసింది. రెండున్నర. మళ్ళీ లోడ్ చేసింది. రెండున్నరే. అక్కేమో అవతల్నుంచి "ఐదే, ఐదే" అంటోంది. ఒకే పేజీ, ఒకే వరుస, ఇద్దరికీ రెండు రకాలుగా కనబడుతోంది.

"అక్కా, వాడిని తీసుకుని వెంటనే క్లినిక్‌కి వెళ్ళు. ఆటో ఎక్కు. ఏమీ అడక్కు, వెళ్ళు!"

నిన్న పొద్దున్నే డాక్టరమ్మ ఫోన్ చేసింది. ఆ వరుసలో పొరపాటున ఐదని పడింది, రెండున్నర చెయ్యమ్మా అని చెప్పింది. చిట్టి వెంటనే కూర్చుంది కూడా. పని దొంగ కాదు పాపం, ఆ మాట ఎవరూ అనలేరు. కాకపోతే ఆమెకి బ్రౌజరంటే తగని నమ్మకం. ఉండదా మరి! ఆమె ఈ పనిలో చేరిన కొత్తలో బ్రౌజర్లు మహా మొండివి. ఎక్కడో ఒక చుక్క తప్పితే తెల్ల పేజీ చూపించి మూతి ముడుచుకుని కూర్చునేవి. తప్పెక్కడో వెతుక్కునే ఖర్మ మనది. ఇప్పుడలా కాదు. తప్పు ఎన్నో వరుసలో ఉందో ఎర్రగా చూపిస్తాయి, చిన్న ఫోన్లో ఎలా కనబడుతుందో చూపిస్తాయి. పేజీ మీదే అక్షరాలు దిద్దుకోనిస్తాయి. ఒక మీట నొక్కి ఉంచితే ఆ దిద్దుబాట్లను గుర్తుపెట్టుకుని, పేజీని ఎన్నిసార్లు తెరిచినా దిద్దినట్టే చూపిస్తాయి. అయితే ఆ దిద్దిన మనిషికే, ఆ కంప్యూటర్లోనే.

ఇంకేదో పని కోసం పోయినవారం నొక్కిన ఆ మీట అలాగే ఉండిపోయింది. నిన్న ఆమె ఐదుని తెర మీదే రెండున్నర చేసి, గడిలో సరిగ్గా పడుతుందో లేదో చూసుకుంది. అసలు ఫైలు మార్చి సైటుకి ఎక్కిద్దామనుకునేలోపు బాస్ పిలిచాడు. తిరిగొచ్చాక, ఎక్కించానా లేదా అని అనుమానం వచ్చి పేజీని మళ్ళీ తెరిచింది. రెండున్నర కనబడింది. ఓహో, ఎక్కించేశానన్నమాట అనుకుని "అయిపోయింది మేడమ్" అని ఫోన్లో చెప్పేసింది.

ఆ దిద్దుబాట్లన్నీ చేసుకునేది బ్రౌజర్లోని పనిముట్ల పలకలో; అది మూస్తేనే అసలు పేజీ కనబడుతుంది. ఇప్పుడు దాన్ని మూసింది. పొద్దస్తమానం తెర పక్కన తెరిచే ఉంటుందది. మూసేటప్పుడు చూసింది, ఫైలు పేరు పక్కన చిన్న ఊదారంగు చుక్క. ఇది నీ దిద్దుబాటు సుమా అని బ్రౌజరు నిన్నట్నుంచీ చెబుతూనే ఉంది. ఆ చుక్కను పట్టించుకుంటేగా! పేజీ మళ్ళీ లోడ్ చేసింది.

ఐదు.

పై ప్రాణాలు పైనే పోయాయి. "అమ్మో, నేనే పోశాను" అని పైకే అనేసింది. పక్క సీటాయన తలెత్తి చూశాడు. అసలు ఫైలు తెరిచి అంకె మార్చి సైటుకి ఎక్కించింది. ఈసారి కంప్యూటర్ని నమ్మలేదు, తన ఫోన్లో చూసుకుంది. రెండున్నర. పక్క సీటాయన ఫోన్లో కూడా చూసింది. బ్యాగు కుర్చీలోనే వదిలేసి పరుగు తీసింది.

క్లినిక్‌లో బుజ్జిగాడు బల్ల మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. డాక్టరమ్మ వాడి గుండె మీద స్టెతస్కోపు ఆనించి వింటోంది. అక్క గోడకి జారగిలబడి చీర కొంగు నోట్లో కుక్కుకుంది. చిట్టి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. దేవుడా, వాడు ఏడిస్తే చాలు, ఇంకేమీ అడగను అనుకుంది. డాక్టరమ్మ వాడి అరికాలు గట్టిగా గిల్లింది. కదలలేదు. మళ్ళీ గిల్లింది. వాడు మొహం చిట్లించి, గొంతు చించుకుని ఏడ్చాడు.

అక్క ఒక్క ఉదుటున వెళ్ళి వాడి మీద పడింది.

"ఊపిరి బాగానే ఉంది. సాయంత్రం దాకా ఇక్కడే ఉంచండి, చూస్తూ ఉండాలి," అంది డాక్టరమ్మ. తర్వాత చిట్టి వైపు తిరిగింది. "నిన్న మార్చేశానన్నావుగా?"

"మారలేదు మేడమ్. నా తెర మీద మాత్రమే మారింది. ఇందాకే మార్చాను. తప్పు నాదే."

అక్క తలెత్తి చూసింది. తిట్టినా బాగుండేది. "నువ్వు రాసిందని కళ్ళు మూసుకుని పోశానే," అంది.

డాక్టరమ్మ మాత్రం అక్కడ ఆగలేదు. నర్సుని కేకేసింది. "ఈ వారంలో ఈ మందు ఎవరెవరికి రాశామో చూసి అందరికీ ఫోన్ చెయ్యి. ఇప్పుడే. తీసేదాకా చేస్తూనే ఉండు."

అప్పటిదాకా చిట్టికి బుజ్జిగాడు తప్ప ఇంకెవరూ గుర్తు రాలేదు. వాడు గండం గట్టెక్కితే చాలనుకుంది. నిన్నట్నుంచీ ఆ పేజీ ఎన్ని ఇళ్ళలో తెరిచారో, ఎన్ని చెంచాల్లో ఐదు కొలిచారో! బయటి గదిలోకి వచ్చి తలుపు పక్కన బెంచీ మీద కూలబడింది. లోపల నర్సు ఫోన్ మీద ఫోన్ చేస్తోంది. ఒకరు తీశారు, ఇంకొకరు తియ్యలేదు.

వీధి తలుపు తోసుకుని ఒకావిడ వచ్చింది. చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయింది. భుజం మీద పాప. పాప చెయ్యి కిందికి వేలాడుతోంది. తలుపు పక్కనే ఉన్న చిట్టిని చూసి, ఇక్కడ పనిచేసే మనిషనుకుందో ఏమో, ఫోను ముందుకి చాపింది.

"లేవట్లేదండీ. మీ పేజీలో చూసే పోశాను, చూడండి. నేనేమైనా తప్పు పోశానా?"

చిట్టి ఫోను చూడలేదు. పాపని అందుకుని లోపలికి పరుగెత్తింది.