నేను చేస్తాను సార్

భూమి కింద రెండో అంతస్తులో కిటికీ లేని గది. అందులో ఒక పాత ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు, దాన్ని కనిపెట్టుకుని మన అమ్మాయి. పైన ఆ పరాయి మహానగరంలో ఎండ కాస్తోందో వాన కురుస్తోందో ఆమెకు తెలిసేది కాదు. ఆ యూనివర్సిటీలో ఆమెను పేరుపెట్టి పిలవడం అందరూ ఎప్పుడో మానేశారు. 'మిషనమ్మాయి' అంటే చాలు, గేటు దగ్గర కాపలావాడితో సహా అందరికీ తెలుసు.

ఇదంతా ఎవరి పుణ్యం? ఆమె నోటి పుణ్యమే. చేరిన కొత్తలో ప్రొఫెసర్ గారు "ఈ మిషన్ ఎవరు చూసుకుంటారు?" అని అడిగితే, ల్యాబులోవాళ్లంతా ఒక్కసారిగా తమ బూట్లకేసి చూసుకున్నారు. ఈ తల్లి మాత్రం "నేను చేస్తాను సార్!" అని చెయ్యెత్తింది. మనకు ఒకటో తరగతి నుంచీ నూరిపోసిన విద్య కదా అది! మేష్టారు అడగడమే ఆలస్యం, చెయ్యి గాల్లోకి లేచిపోవాలి.

లోపలి గాలినంతా పంపు తోడేస్తే గానీ ఆ మిషన్‌లో బొమ్మ కనిపించదు. ఆ పంపు ఒట్టి పెంకిఘటం. నడుస్తూ నడుస్తూ మధ్యలో గొంతు మారుస్తుంది. సరిగ్గా అప్పుడే గొట్టం మీద అరచెయ్యి ఆనించి, అదురు చూసుకుని, వాల్వును సగం తిప్పి ఆపాలి. కాస్త ఎక్కువ తిప్పారా, ఆ రోజు పని గల్లంతే. ఆ కిటుకు ఆమెకు పట్టుబడింది. పట్టుబడిందని తెగ మురిసిపోయింది కూడా. ఎవరైనా పక్కకొస్తే ఒళ్లు అడ్డం పెట్టి మరీ వాల్వు తిప్పేది. తను లేకపోతే పని జరగదనిపించుకోవాలన్న యావ. అదిగో, అక్కడే తన కాలికి తనే తాడు కట్టుకుంది.

థీసిస్ రాయడం అయిపోయింది. ప్రొఫెసర్ గారి సంతకం ఒక్కటే మిగిలింది. అడిగినప్పుడల్లా ఆయన నవ్వేవాడు. మంచి మనిషే, ఏనాడూ కసురుకున్న పాపాన పోలేదు. "నువ్వెళ్లిపోతే మిషన్ ఎవరు చూస్తారమ్మా? ఇంకొన్నాళ్లు ఉండు" అనేవాడు. ఆ నవ్వు చూస్తే ఆమెకు ఒళ్లు మండిపోయేది. సొంత ఊళ్లో కాలేజీవాళ్లు లెక్చరర్ ఉద్యోగం ఇస్తామన్నారు. క్లాసులు మొదలయ్యేలోగా డిగ్రీ పట్టుకుని రాకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తామనీ చెప్పారు. విమానమెక్కితే ఇల్లు పూట దూరం. ఆ పూట ప్రయాణానికి ఒక్క సంతకం అడ్డం.

"వాళ్లు నిన్ను చదివిస్తున్నారా, కాపలాకి పెట్టుకున్నారా?" అని ఫోన్‌లో అమ్మ నిలదీసింది.

"రెండూనమ్మా."

"కాపలావాళ్లకైనా డ్యూటీ మారుస్తారు కదే!"

అలాంటి రోజుల్లో దిగింది మన భాష పిల్ల ఒకతి, కొత్తగా చేరడానికి. నోరు మూతపడదు, వట్టి వసపిట్ట. ప్రొఫెసర్ గారు ఆమెను వెంటబెట్టుకుని కిందికి వచ్చాడు. "ఈ అమ్మాయికి నేర్పు. తను సొంతంగా మంచి బొమ్మ తీసిన రోజే నీకు సంతకం పెడతాను" అన్నాడు. మిషనమ్మాయికి ఏనుగెక్కినంత సంబరమైంది.

మర్నాడు పొద్దున్నే పాఠం మొదలుపెట్టింది. వసపిట్ట కళ్లింత చేసుకుని చూసింది. "అబ్బ! అక్కా, ఇది నాకొచ్చేస్తే ఇంక సార్‌కి ప్రతిదానికీ నేనే దిక్కు కదా!"

మిషనమ్మాయికి ఆ మాటలో ఒకప్పటి తనే కనిపించింది. పంపు ఆపేసింది.

"చెల్లీ, నా మాట విను. దీని జోలికి రాకు. నాకు చేతకావట్లేదు సార్ అని చెప్పెయ్. దీని దగ్గర చెయ్యి తిరిగినవాళ్లని ఆయన వదలడు. నన్ను చూడు, ఎలా ఉన్నానో."

పిల్ల మొహం ముడుచుకుంది. "నేర్పడం ఇష్టం లేకపోతే ఆ ముక్క చెప్పొచ్చుగా అక్కా. మనవాళ్లు పైకి రావడం మనవాళ్లే ఓర్వలేరంటారు. నేనే నమ్మలేదు."

చెంప ఛెళ్లుమన్నట్టయింది. ఇంకోసారి నచ్చజెప్పి ఉండొచ్చు. ఏ మాటకా మాటే చెప్పుకోవాలి, నచ్చజెప్పలేదు. సంతకం గుర్తొచ్చింది. ఆ తర్వాత ఆమె నోరు విప్పి నేర్పిందీ లేదు, వద్దన్నదీ లేదు. ఒళ్లు అడ్డం పెట్టడం మాత్రం మానేసింది. వసపిట్ట వెనక నిలబడి చూసి చూసి, ఒకరోజు తనే బొమ్మ తీసేసింది. ప్రొఫెసర్ గారు చప్పట్లు కొట్టి, అక్కడికక్కడే సంతకం పెట్టాడు. మిషనమ్మాయి మెడలోంచి గది తాళంచెవి తీసి పిల్ల చేతిలో పెట్టింది.

సామాను సర్దుకోవడానికి పై ల్యాబుకి వెళితే, పక్క బల్ల దగ్గరి కళ్లద్దాల అమ్మాయి, ఎప్పుడూ పలకరించనిది, వచ్చీరాని ఇంగ్లీషులో నెమ్మదిగా అంది. "ఆ పంపు మా అందరికీ వచ్చు."

"ఎప్పటినుంచి?"

"నువ్వు రాకముందు నుంచీ. రానట్టు ఉన్నాం, అంతే."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"అంత గట్టిగా చెయ్యెత్తావు. చెబితే వినేదానివా?"

మిషనమ్మాయికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇన్నాళ్లూ ఈ ల్యాబులో తనొక్కతే తెలివిగలదని విర్రవీగింది. సంచి భుజానికి తగిలించుకుని మెట్లు దిగి బయటికొచ్చింది. ఎండ కాస్తోంది. అప్పుడే ఫోన్ మోగింది. అవతల వసపిట్ట, ఏడుపు గొంతు.

"అక్కా, పంపు గొంతు మారింది! వాల్వు ఎంత తిప్పాలో మర్చిపోయా. సార్ పక్కనే ఉన్నారు. నా వల్ల కాదని చెప్పేయనా?"

ఫోన్‌లో వెనక పంపు మూలుగు వినిపిస్తోంది. చెప్పెయ్ అంటే చాలు, ఆ పిల్ల బతికిపోతుంది.

"సగం తిప్పి ఆపు. చెయ్యి గొట్టం మీదే ఉంచు" అంది మిషనమ్మాయి.

మూలుగు సర్దుకుంది. "వచ్చేసిందక్కా! థాంక్సక్కా!" అని పిల్ల గంతులేసింది. ఆ వెనక ప్రొఫెసర్ గారు నవ్వుతున్నాడు. ఆ నవ్వు ఆమెకు బాగా తెలుసు.

"ఛీ, నా నోరు పడిపోను!" అని తనను తానే తిట్టుకుంది. వెనక్కి మాత్రం వెళ్లలేదు. సంతకం కాగితం ఉన్న సంచిని గుండెలకు అదుముకుని, ఎవరో పిలుస్తారేమోనన్నట్టు గబగబా గేటు దాటింది.