కొత్త కోచ్‌గారూ, నా నోరూ

నా నోరు పెద్దది. ఇందులో దాచుకునేదేమీ లేదు, అనకాపల్లి బెల్లం మార్కెట్లో ఎవరినడిగినా చెబుతారు. ఇరవై రెండేళ్ళుగా అక్కడ వేలం పాట పిలిచేది నేనే. కళాసీలు ఆ మూల బెల్లం దిమ్మలు దించుతుంటే ఈ మూల నుంచి నేను ధర పిలుస్తాను. రోడ్డు మీద పోయేవాళ్ళు కూడా ఆగి చూస్తారు. ఒకసారి కమిటీవాళ్ళు మైకు పెడతామన్నారు. "త్రినాధరావు బతికుండగా మైకెందుకు? నన్ను అవమానించడానికా?" అని మూడు రోజులు మార్కెట్ మొహం చూడలేదు. మైకు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

మా మార్కెట్ ఫుట్‌బాల్ టీంకి కూడా ఆ నోరే బలమని నేను నమ్మాను. నేనే కాదు, ఊరంతా నమ్మింది. టీంలో సగంమంది కళాసీ కుర్రాళ్ళు, మిగతావాళ్ళు చుట్టుపక్కల షాపుల్లో పనిచేసేవాళ్ళు. మ్యాచ్ మొదలైన దగ్గర్నుంచి అయ్యేదాకా నేను గీత పక్కన నిలబడి అరుస్తూనే ఉండేవాణ్ణి. "ఒరే అరుణా, ఎడం పక్క నూకరాజు కాళీగా ఉన్నాడు, ఇచ్చీరా!" అంటే మా అరుణ్ కుమార్ తలెత్తి చూసేవాడు కాదు. ఎడమకి కొట్టేసేవాడు, అంతే. సొంత కళ్ళకంటే నా గొంతంటేనే వాళ్ళకి నమ్మకం.

అంత నమ్మకమున్నా వరసగా ఏడేళ్ళు డిసెంబరు కప్పు ఫైనల్లో సబ్బవరం చేతిలో ఓడిపోయాం. మిగతా టీములు మా ముందు నిలిచేవే కావు. సబ్బవరం దగ్గరికి వచ్చేసరికి మాత్రం మావాళ్ళు బంతి ఎటు కొడితే అటు వాళ్ళ మనిషి ముందే వచ్చి నిలబడి ఉండేవాడు. ఇదేం మాయరోగమో ఎవరికీ అంతు పట్టలేదు. ఒక ఏడాది బూట్లకి దిష్టి కూడా తీయించాం.

2006లో ప్రపంచ కప్పంతా చిన్నబాబు టీ కొట్లో టీవీలో చూశాం. ప్రతి టీంకీ ఒక పెద్దమనిషి, కోటు వేసుకుని, గీత పక్కన నిలబడి గోళ్ళు కొరుక్కుంటూ కనిపించాడు. చిన్నబాబు గ్లాసులు కడగడం ఆపేసి, "మనకి ఈయన లేడు బావా, అందికే ఓడిపోతన్నాం" అన్నాడు. కొట్లో ఉన్న పాతికమందీ అవునంటే అవునన్నారు. నెల తిరక్కుండా విశాఖపట్నం నుంచి రూఫస్‌గారిని మాట్లాడేశారు. రైల్వే టీంలో ఆడి రిటైరైన మనిషి.

ఆయన వచ్చిన రోజు స్టేషన్‌కి డప్పులతో వెళ్ళాం. ఆరడుగుల మనిషి కోటు వేసుకుని దిగుతాడని చిన్నబాబు అందరికీ చెప్పి ఉంచాడు. రైల్లోంచి ఒక చేత్తో గొడుగూ ఇంకో చేత్తో టిఫిన్ క్యారేజీ పట్టుకుని ఒక బక్కపలచని పెద్దాయన దిగాడు. డప్పులు కాసేపు ఆగిపోయాయి. తప్పదని దండ వేస్తే అది మోకాళ్ళ దాకా వచ్చింది.

ఇక ఆయన మీద పడని మనిషి లేడు. తలకాయతో గోల్ కొట్టడం నేర్పాలని ఒకరు, సబ్బవరం మీద పది గోల్స్ తేడా రావాలని ఇంకొకరు. కప్పు ఎక్కడ పెట్టాలో కూడా తేలిపోయింది, టీ కొట్లో బిస్కెట్ సీసాల పక్కన. గ్రౌండ్ దగ్గర వేరుశనక్కాయలు అమ్మే అప్పలకొండమ్మ కొడుకు మా గోలీ, అంటే గోల్‌కీపర్. ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని, "బాబూ, కప్పూ గిప్పూ నాకెందుకు గానీ, ఈ ఏడాదన్నా మా గుంటడు ఏడవకండా ఇంటికొచ్చీలా సూడు" అంది. ఆయన అన్నీ చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. నేనేమీ అడగలేదు. ముందు నన్నే పిలిచి, "ఎలా ఆడిద్దామండీ?" అని అడుగుతాడని ఎదురుచూశాను.

అడగలేదండీ! మూడు నెలలు అడగలేదు. తెల్లవారుజామున కుర్రాళ్ళని పరిగెత్తించేవాడు, గొంతెత్తి ఒక్క మాట అనేవాడు కాదు. మ్యాచ్‌లో నేను అరుస్తుంటే నా వంక చూసి ఏదో రాసుకునేవాడు. "నోరు లేని కోచ్‌ని తెచ్చి నెత్తి మీద పెట్టుకున్నాం" అని నేను మార్కెట్లో వేలం మధ్యలో కూడా తిట్టేవాణ్ణి.

సెమీఫైనల్ గెలిచిన మర్నాడు సాయంత్రం ఆయన మా ఇంటికొచ్చాడు. చేతిలో ఒక టేప్ రికార్డరు ఉంది, చర్చిలో పాటలు రికార్డు చేసుకునేదట. నా భార్య చిన్నమ్మలు చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. టీ ఇచ్చింది. ఆయన తాగాడు. ఇంకో గ్లాసు ఇస్తే అదీ తాగాడు. చెప్పలేక నలిగిపోతున్నాడని నాకప్పుడు తెలియదు.

"చిన్నమ్మలుగారూ, మీరొక సాయం చెయ్యాలమ్మా" అన్నాడు ఆఖరికి. "ఈ టేపు విని, బంతి ఎటు వెళ్తుందో చెప్పండి."

"నాకేటి తెల్సు బాబూ? ఆ ఆట నానెప్పుడూ సూడనేదు."

"ఫరవాలేదు. మీకు తోచింది చెప్పండి."

టేపు తిప్పాడు. నిన్నటి మ్యాచ్‌లో నా అరుపులు. నా గొంతు నాకే భలే నచ్చింది. "నూకరాజుకియ్యరా, ఎడం, ఎడం!" అని వినబడగానే ఆయన టేపు ఆపాడు. చిన్నమ్మలు చిక్కుడుకాయ మీంచి కళ్ళెత్తకుండానే, "ఎడం పక్కకి ఎల్తాది" అంది. ఆయన పుస్తకం చూసి, "వెళ్ళింది" అన్నాడు. మళ్ళీ తిప్పాడు. "గోలీకి ఇచ్చీ, ఎనక్కిచ్చీ!" అంటే, "ఎనక్కి" అంది. "వెళ్ళింది." అలా పదకొండుసార్లు అడిగాడు, పదకొండుసార్లూ ఆవిడ చెప్పినట్టే వెళ్ళింది. నాకు నవ్వొచ్చింది. "సూసేవా, మా ఇంటిదాయికి కూడా ఆటొచ్చీసింది!" అన్నాను.

చిన్నమ్మలు నవ్వలేదు. చేతిలో పని ఆపేసింది. "మరైతే..." అంది నా వంక చూసి, "అవతలోళ్ళకీ చెవులున్నాయి కదేటి?"

ఆ తర్వాత రూఫస్‌గారు చెప్పిందంతా నాకు సరిగ్గా ఎక్కలేదు. ఆయన సబ్బవరం వెళ్ళి వాళ్ళ మ్యాచ్ చూసి, అక్కడి కుర్రాళ్ళతో మాట్లాడి వచ్చాడట. మాతో ఆడేటప్పుడు వాళ్ళు బంతి కోసం చూడరట, నన్ను వింటారట. ప్రతి ఫైనల్‌కి ముందూ వాళ్ళ కెప్టెన్ నా దగ్గరికొచ్చి, "గొంతెలగుంది మావా?" అని పటికబెల్లం పొట్లం చేతిలో పెట్టేవాడు. బెల్లం మార్కెట్‌వాడికి పటికబెల్లం! ఎంత మర్యాదస్తుడో అని ఏడేళ్ళూ మురిసిపోయాను.

"ఎల్లండి. మా ఇంట్లోంచి ముందు లెగిసి ఎల్లండి" అన్నాను రూఫస్‌గారితో. ఆయన లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, "మీరు ఫైనల్‌కి రావాలి. కానీ నోరు మెదపకూడదు. ఇది నా మాటగా కాదు, పిల్లల కోసం" అని చెప్పి వెళ్ళిపోయాడు.

మర్నాడు వేలంలో ఒకే ధర రెండుసార్లు పిలిచాను. దిమ్మలు మోస్తున్న కుర్రాళ్ళని చూస్తే గుండె చెరువైంది. పొద్దస్తమానం బరువులు మోసి, ఆ కాళ్ళతోనే వచ్చి ఆడతారు వాళ్ళు. ప్రతి డిసెంబరులోనూ గ్రౌండ్‌లో కూలబడి ఏడుస్తుంటే ఒక్కొక్కణ్ణీ దగ్గరికి తీసుకుని, "ఏడవకురా, వచ్చే ఏడాది మనదే" అన్నది నేనే. వాళ్ళని ఓడించిందీ నేనే. ఆ కోచ్ మీద కోపం పోయి, నా మీద నాకు అసహ్యం వేసింది.

"నాను ఫైనల్‌కి ఎల్లను" అన్నాను ఇంటికొచ్చి.

"ఎల్లకపోతే పిల్లలు ఏటనుకుంటారు? ఆళ్ళ మీద అలిగేవనుకోరా?" అంది చిన్నమ్మలు. "నానూ వత్తాను పద. నువ్వు నోరిప్పితే నా సంగతి నీకు తెల్సు."

ఫైనల్ రోజు గేటు దగ్గర ఆవిడ నా నోట్లో ఇంత బెల్లంముక్క కుక్కింది. అది కరిగితే పెట్టడానికి ఇంకొన్ని కొంగున కట్టుకొచ్చింది. సబ్బవరం కెప్టెన్ నవ్వుతూ వచ్చి పొట్లం ఇవ్వబోయాడు. నేను ఉబ్బిన బుగ్గలు చూపించి తల అడ్డంగా ఊపాను. వాడి మొహంలో రంగు మారింది.

ఆట మొదలైంది. ఎడం పక్క నూకరాజు ఖాళీగా ఉన్నాడు. దేవుడా, ఎంత ఖాళీగా ఉన్నాడో! నా గొంతులోంచి మాట తన్నుకొస్తోంది. బెల్లం కొరికి మింగేశాను. చిన్నమ్మలు ఇంకోటి పెట్టింది. మావాళ్ళు మాత్రం బంతి కాలికి తగలగానే నా వైపు చూస్తున్నారు. చూసేలోపు బంతి పోతోంది. పావుగంటలో సబ్బవరం గోల్ కొట్టేసింది. అరుణ్ కుమార్ ఆట మధ్యలో గీత దగ్గరికి పరిగెత్తుకొచ్చి, "మావా, ఒంట్లో బాగోనేదేటి?" అని అడిగాడు. రిఫరీ విజిలేసి తరిమాడు.

జనం ఊరుకుంటారా? "మా త్రినాధరావు నోరు కట్టీసేడు ఈ గొడుగు కోచ్!" అని కేకలు మొదలయ్యాయి. చిన్నబాబు నా భుజం పట్టుకుని కుదిపేశాడు. "నువ్వరువు బావా! ఆయన మాట ఇనకు! ఓడిపోతే సాయంత్రం రైలెక్కించీద్దారి!" ఒక్క మాట చాలు, నా కుర్రాళ్ళు మళ్ళీ నా చేతిలోకి వచ్చేస్తారు. రూఫస్‌గారు అక్కడ ఒంటరిగా నిలబడి ఉన్నాడు, నా వైపు చూడటం లేదు. నేను తల వంచుకుని కూచున్నాను. నన్ను పిరికివాడన్నారు ఎవరో, పడ్డాను.

హాఫ్ టైంలో రూఫస్‌గారే నా దగ్గరికొచ్చాడు. చెమటతో తడిసిపోయాడు. "పొరపాటు నాదండీ" అన్నాడు. "మీ గొంతు లేకపోతే పిల్లలకి కాళ్ళాడటం లేదు. అరవండి. ఎటు కొట్టాలో మాత్రం చెప్పకండి. పేర్లు పిలవండి."

"ఒట్టి పేర్లేనా?"

"ఒట్టి పేర్లే. మీరున్నారని తెలిస్తే చాలు వాళ్ళకి. ఎటు కొట్టాలో వాళ్ళు చూసుకుంటారు."

బెల్లం ఉమ్మేసి లేచాను. "అరుణా!" అన్నాను. అరుణ్ వెనక్కి తిరిగి చూసి పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు. "నూకరాజూ! ఒరే నూకరాజూ!" ఎవడి కాలి దగ్గర బంతి ఉంటే వాడి పేరు, పడిపోతే వాడి పేరు, లేస్తే వాడి పేరు. సబ్బవరం డిఫెండర్లు కాసేపు నా వంకా, కాసేపు బంతి వంకా చూస్తూ తికమకపడ్డారు. నూకరాజు నేనెప్పుడూ చెప్పని దారిన, కుడి పక్క నుంచి దూసుకుపోయి గోల్ కొట్టాడు. వాడికి కుడికాలు కూడా ఉందని నాకు అప్పుడే తెలిసింది.

ఒకటి ఒకటితో ఆట అయిపోయి పెనాల్టీలకి వెళ్ళింది. రెండు టీములూ చెరి నాలుగూ గోల్ చేశాయి. సబ్బవరం అయిదోది అప్పలకొండమ్మ కొడుకు ఆపేశాడు. మా అయిదోది పడితే కప్పు మాది. అరుణ్ కుమార్ బంతి పెట్టి నా వైపు తిరిగాడు.

ఎన్నో ఏళ్ళుగా పెనాల్టీ అంటే వాడు నన్ను చూడటం, నేను వేలితో ఎటు కొట్టాలో చూపించడం అలవాటు. వాడి కళ్ళు అడుగుతున్నాయి, ఎటు మావా అని. అప్పుడు చూశాను, సబ్బవరం గోలీ కూడా నన్నే చూస్తున్నాడు. నా వేలు దానంతటదే లేస్తోంది. రెండో చేత్తో దాన్ని గట్టిగా పట్టుకున్నాను. "అరుణా!" అని ఒక్కసారే పిలిచి, గ్రౌండ్‌కి వీపు చూపించి, కళ్ళు మూసుకున్నాను. నా జన్మలో అంత కష్టమైన పని ఇంకోటి చెయ్యలేదు.

బూటు బంతికి తగిలిన చప్పుడు వినిపించింది. తర్వాత నా చెవి పక్కనే పెద్ద కేక. అంత గొంతు నేను మార్కెట్లో కూడా వినలేదు. కళ్ళు తెరిచి చూస్తే చిన్నమ్మలు. చెప్పులు వదిలేసి గెంతుతోంది.

"ఏటే? ఎటు కొట్టేడే? ఎడంకా, కుడికా?" అని అరిచాను.

"ఎటేటి నీ బొంద! లోపలికి కొట్టేడు!" అని నా చొక్కా పట్టుకుని ఊపేసింది. నేను అక్కడే గడ్డి మీద కూలబడి, కుర్రాళ్ళు వచ్చి లేపేదాకా ఏడుస్తూనే ఉన్నాను.