సాగిన చెయ్యి

కెనడాలోని సార్నియాలో తేజశ్రీ ఉద్యోగం ఇనుమును తెంపడం. వినడానికి నవ్వొస్తుంది గానీ నిజం. ఫ్యాక్టరీ పైపులకు వాడే ఉక్కులోంచి చిన్న ముక్క కోసి ల్యాబుకు పంపుతారు. దాన్ని మెషీన్‌లో రెండు కొసలా బిగించి, తెగేదాకా లాగి, ఎంత సాగిందో చెప్పాలి. కొంతవరకు లాగి వదిలేస్తే ముక్క మళ్ళీ మొదటి పొడవుకే వచ్చేస్తుంది. ఆ హద్దు దాటిందా, ఇక వెనక్కి రాదు. ఇంకా లాగితే నడుము సన్నబడి ఠప్పున తెగుతుంది.

మొగుడు గోపీకృష్ణ పెళ్ళయిన ఏడాదికే విమానంలో వెళ్ళాల్సినంత దూరంలో ఉన్న రెజైనాలో గవర్నమెంటు ఉద్యోగం వచ్చి అటు వెళ్ళిపోయాడు. సాయంత్రం వీడియో కాల్‌లో అతని మొహం కనబడినా, బయట ఉండగా అతను గుర్తొచ్చినా చాలు, తేజశ్రీ కుడి చెయ్యి నిజంగానే అతని వైపు మూరెడు పొడవు సాగేది. కాసేపటికి మళ్ళీ మామూలు పొడవుకు వచ్చేసేది. ఇంటి ఓనరు హైమావతి ఆంటీ జాకెట్‌కు కుడి స్లీవ్ పొడవు చేసి కుట్టిపెట్టింది. ఇండియన్ షాపులో పై అరలో ఉన్న ఆవకాయ సీసా దించాలంటే అందరూ ఈమెనే కేకేసేవాళ్ళు.

ఈ చలికాలం ఆ చెయ్యి వెనక్కి రావడం మానేసింది. వేళ్ళు మోకాలి కిందికి వేలాడుతున్నాయి. రోజూ ల్యాబులో చూసేదే కదా, అదేమిటో ఆమెకు ఇంకొకరు చెప్పాలా?

"తెగేదాకా లాగకూడదమ్మా. అతని దగ్గరికి వెళ్ళిపో," అంది ఆంటీ.

వెళ్ళాలనే ఉంది. ఆ మనిషి పక్కన కూర్చుని ఇంత చారన్నం తినాలని ప్రాణం కొట్టుకుపోతోంది. రెజైనాలో ఇలాంటి పని మళ్ళీ దొరుకుతుందో లేదో, పోతే పోయింది. మానేసే ఆలోచనలో ఉన్నానని మేనేజరుకు చెప్పింది కూడా. సోమవారం ఖాయం చేయాలి. గోపీకి చెబితే మంచిదేనన్నాడు, తను మాత్రం కదలడం కుదరదని ముందే చెప్పాను కదా అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం కాల్‌లో ఆమెకెందుకో ఒక సందేహం వచ్చింది. ఇన్నాళ్ళూ తన చెయ్యే చూసుకుంది గానీ, అతని చేతుల సంగతి పట్టించుకోనేలేదు.

"గోపీ, ఒకసారి నీ చేతులు చూపించవా?"

నవ్వుతూ రెండు చేతులూ కెమెరా ముందు పెట్టాడు. పెళ్ళికి అత్తవారు పెట్టిన చొక్కా వేసుకున్నాడు. కఫ్‌లు సరిగ్గా మణికట్టు మీదే ఉన్నాయి. వెంట్రుకవాసి కూడా సాగలేదు.

"నేను గుర్తొస్తుంటానా?"

"ఎందుకు రావు? కాకపోతే పనిలో పడితే తెలీదు కదా," అన్నాడు. పాపం, అతనికి అబద్ధం ఆడటం రాదు.

తేజశ్రీకి కోపం రాలేదు. అతని మీద ఆశా చావలేదు. దుఃఖమంతా అదే.

"నేను రావట్లేదు గోపీ," అని లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి అటు తిరిగి నిలబడింది. వెనక నుంచి అతను ఏమైందని అడుగుతూనే ఉన్నాడు. ఆ గొంతు ఇంకాసేపు వింటే మనసు మారిపోతుందని ఆమెకు తెలుసు. కళ్ళు తుడుచుకుని, వెనక్కి తిరిగి చూడకుండా, నిలబడ్డచోటి నుంచే, అతని గొంతు వైపు ఇంకా సాగుతున్న ఆ చెయ్యి చాచి, గదికి అటు చివర టేబుల్ మీదున్న ఫోన్ ఆపేసింది.