కమాన్ దాటినంక

పత్తి చేనులో బాపును పాము కరిచింది. ఆడవాళ్ళమే మంచం మీద మోసుకొచ్చి ఇంటి ముందు దించేసరికే మాట ముద్దగా వస్తోంది. తండాలో బండ్లన్నీ మగవాళ్ళతోపాటు మిర్చి కోతలకు పోయాయి. అంబులెన్స్‌కు ఫోన్ చేశాను.

కాసేపటికి డ్రైవర్ ఫోన్ చేశాడు. "వచ్చినక్కా. మీ కమాన్ కింద ఉన్న. ఒక్క ఇల్లు గూడ కనవడ్తలేదు."

నా ఒళ్ళు మండింది. ఆ స్వాగత కమాన్ తండా కోసం కట్టింది కాదు. మరిపెడ రోడ్డు మీద పోయే కార్లకు తన పేరు కనపడాలని మా లీడర్ ధర్మేందర్ సారు అక్కడ నిలబెట్టాడు. లోపల దారి ఎన్ని చీలికలైనా ఒక్క బోర్డు లేదు. రిబ్బన్ కత్తిరించిన రోజు నా తమ్ముడు రాకేశ్ సంబరపడి, ఫోన్ మ్యాపులో తండా పేరుతో అక్కడే పిన్ గుచ్చి హైదరాబాద్ పోయాడు. తాటికాయంత అక్షరాలున్న చోటే ఊరుంటుందనుకున్నాడు, తెలివితక్కువ సన్నాసి!

"ముంగట మూడు తొవ్వలున్నయి. యాడికి రావాలె?"

"చింతచెట్టు కాడ మర్లన్నా!"

"అన్ని దిక్కుల చింతచెట్లే ఉన్నయక్కా!"

బాపు కనురెప్పలు వాలిపోతున్నాయి. అమ్మ పెట్టె తెరిచి, తన పెళ్ళినాటి అద్దాల లంగా తీసుకుని పరుగెత్తింది. మక్క చేను మంచె ఎక్కి, ఎర్రటి ఎండలో దాన్ని రెండు చేతులతో పైకెత్తి పట్టింది.

"అక్కా, దూరంగ ఏందో మెరుస్తుంది."

"గదే మా ఊరు! అటే రా అన్నా, జర జల్ది!"

అంబులెన్స్ వచ్చింది. బాపును ఎక్కించి బయల్దేరాం. మంచె పక్కగా పోతుంటే అమ్మ ఇంకా అట్లాగే నిలబడి ఉంది.

"యాడీ, ఇగ చాలు, దిగు!" అని అమ్మను కేకేశాను.

"మీరు రోడ్డెక్కెదాంక దిగ. తొవ్వ తప్పుతరు."

డ్రైవర్ అద్దంలో ఆ మెరుపును చూసుకుంటూ బండిని చేల మధ్య నుంచి బయటపడేశాడు.

మానుకోట దవాఖానలో పొద్దుగూకే వేళకు బాపు కళ్ళు తెరిచాడు. "మీ యాడి ఏది?" అన్నాడు. పక్కింటి సంగీతకు ఫోన్ చేశాను.

"మంచె మీదనే ఉన్నదక్కా," అంది సంగీత. "బాపు మర్లి వచ్చెటప్పుడు గూడ తొవ్వ కనవడాలంట."